మబ్బును పెట్టెలో పెడదాం

ఆషాఢంలో మన అనంతపురం మీదికి మబ్బులు రావని కాదు నాయనా, వస్తాయి. పడమటి కనుమల అవతలే బరువంతా దించేసుకుని, చేతులూపుకుంటూ మన నెత్తిమీదుగా తూర్పుకు పోతాయి. వానచాటు సీమ మనది. సాలంతా కలిపి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ పడితే అదే పదివేలు. కురవని మబ్బును రైతు తిట్టుకుంటాడు, న్యాయమే. కానీ ఆ పూటే గుప్పెడు శెనక్కాయలు అరుగు మీద పోసి, ఫోన్‌తో ఒక ఫోటో తీసి చూడు. మే నెల ఎండలో తీసినదానికీ దీనికీ పోలికే ఉండదు. నీడలు మెత్తబడి ఉంటాయి. కాయ మీద వల అల్లినట్టుండే గీతలు ఒక్కొక్కటీ తెలుస్తాయి. ఎక్కడా తెల్లగా మాడిపోయిన మచ్చ కనిపించదు.

ఎండ తగ్గింది కాబట్టి బాగా వచ్చిందని చాలామంది అనుకుంటారు. తగ్గడం వల్ల కాదు, వెడల్పు కావడం వల్ల. చిన్న వస్తువుల ఫోటోలకు దీపం ఎన్ని వాట్లదని అడిగేవాళ్లే అందరూ. వస్తువు దగ్గర నిలబడి చూస్తే ఆ వెలుగు ఎంత వెడల్పున కనబడుతుందో అడిగేవాళ్లు తక్కువ. అడగాల్సింది అదీ.

సూర్యుడి అడ్డుకొలత దాదాపు 14 లక్షల కిలోమీటర్లు. అయినా 15 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్నాడు గనక మన కంటికి అర డిగ్రీ మాత్రమే ఆనతాడు. చెయ్యి బారుగా చాపి చిటికెన వేలు నిలబెడితే ఆ వేలి వెడల్పులో సగం చాలు, ఆయన దాక్కోవడానికి. అంత చిన్న చోటి నుంచి వచ్చే వెలుగుకు ఒకటే దారి. కాయ గుండ్రం తిరిగిన చోట ఆ దారి మూసుకుపోతే అవతల అంతా నలుపే. మబ్బు పట్టినప్పుడు ఆ వెలుగే కోట్లాది నీటి తుంపరలకు తగిలి చెల్లాచెదరవుతుంది, ఆకాశం మొత్తం దీపమైపోతుంది. ఒక మూల నుంచి అందకపోతే ఇంకో మూల నుంచి అందుతుంది.

నమ్మకం కుదరకపోతే మిట్టమధ్యాహ్నం మిద్దెక్కు. వేలిని గచ్చుకు దగ్గరగా పెడితే నీడ అంచు కత్తెరతో కోసినట్టు పడుతుంది. అదే వేలిని మీటరు ఎత్తుకు తీసుకుపోతే అంచు దాదాపు సెంటీమీటరు మేర మసకబారి, వేలి నీడే గుర్తుపట్టడం కష్టమవుతుంది. అర డిగ్రీ సూర్యుడికే ఇంత మసక ఉంటే, ఆకాశమంత దీపానికి ఎంత ఉండాలో లెక్క వేసుకో.

ఈ లెక్కను కాగితం మీద వేయకుండా చేత్తో ఆడించి చూపినవాళ్లు మనకు దగ్గరలోనే ఉన్నారు. ధర్మవరం పక్కన నిమ్మలకుంట. 2022లో జిల్లాలు విడదీశాక ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లా లెక్కలోకి పోయింది గానీ, తోలుబొమ్మ అంటే మనకు ఇప్పటికీ అనంతపురమే. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాటలో తెల్లటి గుడ్డ తెర కడతారు, వెనక దీపం పెడతారు, బొమ్మను తెరకు ఆనించి ఆడిస్తారు. ఆనించి ఉన్నంతసేపూ రావణుడి మీసం వెంట్రుక వెంట్రుకా తెలుస్తుంది. తెర నుంచి జానెడు వెనక్కి లాగితే బొమ్మ పెద్దదై, అంచులు కరిగిపోతాయి. మసకలోంచి రాక్షసుణ్ణి పుట్టించాలన్నా, మళ్లీ మసకలోకి పంపించాలన్నా ఆ జానెడు దూరం చాలు. మిద్దె మీద నీ వేలు చేసిందీ అదే పని.

ఫోటోలవాళ్లు లైట్ టెంట్ అని చెప్పుకునేది ఏమిటంటే, ఆ తెరనే నాలుగు వైపులా చుట్టేసి వస్తువును లోపల కూర్చోబెట్టడం. కొనాల్సిన పని లేదు. ఒక అట్టపెట్టె తీసుకుని, రెండు పక్కలా పైనా రెండంగుళాల అంచు వదిలి కిటికీలు కొయ్యి. వాటికి బటర్ పేపరో, పాత తెల్ల పంచెముక్కో బిగించి అంటించు. నీలిమందు పెట్టిన పంచె వద్దు, లోపల అంతా నీలంగా తేలుతుంది. ఒక డ్రాయింగ్ షీటును వెనకగోడ మీంచి కిందికి మడత పడకుండా వంపుగా జార్చు. నేల ఎక్కడ ఆగిందో గోడ ఎక్కడ మొదలైందో కెమెరాకు తెలియకూడదు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. బల్బును తెచ్చి పంచెకు ఆనించి పెడతారు. అప్పుడు గుడ్డ మీద అరచేయంత చోట మాత్రమే భగభగ వెలుగుతుంది, తక్కినదంతా చీకటిగా ఉంటుంది. అంటే గుడ్డ కట్టి కూడా మళ్లీ చిన్న దీపమే పెట్టినట్టు. బల్బును వెనక్కి జరపాలి, గుడ్డ మొత్తం ఒకేలా వెలిగేదాకా. దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, పోనీ. స్టాండు మీద పెట్టిన కెమెరాకు తొందరేమీ లేదు. తక్కువ పడిన వెలుగును అది ఎక్కువసేపు చూసి భర్తీ చేసుకుంటుంది. నొక్కేటప్పుడు చెయ్యి తగలకుండా టైమర్ పెట్టు, చాలు.

కరెంటు లేకపోతే పెట్టెను ఎండలోనే పెట్టు. మనకు మబ్బుకు కరువు గానీ ఎండకు కరువా! మబ్బు చేసే పనిని పంచె చేసిపెడుతుంది. గాలి మాత్రం చూసుకో. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పాతలేదు. ఆషాఢం గాలికి నీ టెంటు పక్కింటి దిబ్బ మీద తేలుతుంది.

అన్ని వైపులా సమంగా వెలుగు పెట్టడం కూడా గొప్ప సంగతేమీ కాదు. కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన వేరుశనగ రకాలు చాలా ఉన్నాయి, కదిరి లేపాక్షి అందులో ఒకటి. ఒక రకాన్ని ఇంకో రకం నుంచి విడదీయడానికి కాయ నడుము ఎంత నొక్కుకుపోయింది, కొనన ముక్కు ఎంత వంపు తిరిగింది, పైగీతలు ఎంత లోతుగా ఉన్నాయి, ఇవన్నీ చూస్తారు. చుట్టూ ఒకే వెలుగు పోస్తే ఆ లోతులన్నీ పూడిపోయి, కాయ కాగితం మీద గీసినట్టు అవుతుంది. అందుకని ఎడమవైపు దీపం పెట్టి, కుడివైపు తెల్ల థర్మోకోల్ ముక్క నిలబెడితే సరిపోతుంది. థర్మోకోల్ తిప్పికొట్టిన వెలుగు నీడను చెరపకుండా పలచన చేస్తుంది. పక్కన ఒక స్కేలు పెట్టడం మరిచిపోవద్దు, లేకపోతే అది కాయో కొబ్బరిబోండమో చూసేవాడికి తెలియదు.

ఇంకో చిక్కు. తెల్ల కాగితం మీద కాయ పెట్టి తీస్తే కాగితం బూడిదరంగులో వస్తుంది. కెమెరా పల్లెటూరి పంచాయతీ పెద్దమనిషి బాపతు నాయనా, ఎవరు ఏ ఫిర్యాదు తెచ్చినా మధ్యస్తంగా సర్దేస్తుంది. తెలుపు తెచ్చినా నలుపు తెచ్చినా సగటు బూడిద చేయడమే దానికి తెలిసిన తీర్పు. తెలుపు తెల్లగా రావాలంటే ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టో, ఒకటిన్నర మెట్లో నువ్వే పైకి జరపాలి. ఫోన్‌లో అయితే తెర మీద వేలు పెట్టి సూర్యుడి బొమ్మను పైకి లాగడమే.

రంగు సంగతి త్వరగా చెప్పేస్తా. పసుపు బల్బు వెలుగు 2700 కెల్విన్ల దగ్గర ఉంటుంది, తెల్ల ఎల్ఈడీ 6500 దగ్గర ఉంటుంది. ఒకవైపు అది, ఇంకోవైపు ఇది పెడితే ఏ వైట్ బ్యాలెన్సూ రక్షించలేదు. రెండు వైపులా ఒకే కంపెనీ, ఒకే రకం బల్బులు కొను. గదిలో ట్యూబ్‌లైటు ఆర్పెయ్యి. ఫోటోలో అడ్డచారలు పడుతున్నాయంటే బల్బు చవకరకం. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది కాబట్టి అది సెకనుకు 100 సార్లు మినుకుతుంది. షట్టర్‌ను సెకనులో 50వ వంతుకు తగ్గిస్తే చారలు పోతాయి.

ఫోన్‌ను వస్తువు మీదికి ఒరిగించి ముద్దు పెట్టించొద్దు. కాస్త వెనక్కి జరిగి, ఫోటో తీశాక కత్తిరించుకో. పెద్ద కెమెరా, మాక్రో లెన్సు ఉన్నవాళ్లకు వేరే తలనొప్పి ఉంటుంది. వస్తువు ఎంత ఉందో సెన్సర్ మీద అంతే పడేంత దగ్గరికి పోతే, లెన్సు రంధ్రం ఎఫ్ 8 దగ్గర పెడితే స్పష్టంగా వచ్చే మందం ఒక మిల్లీమీటరు. శెనక్కాయ ముక్కు తేటగా ఉంటే నడుము మసకగా ఉంటుంది. సరే, రంధ్రం ఇంకా చిన్నది చేద్దామని ఎఫ్ 22కు పోతే వెలుగే మొండికేస్తుంది. సన్నని రంధ్రంలో దూరిన వెలుగు అలలు పరుచుకుని, అంత దగ్గర్లో ఒక్కో చుక్క దాదాపు 60 మైక్రాన్ల వృత్తం అవుతుంది. సెన్సర్‌లో ఒక్కో గడి నాలుగైదు మైక్రాన్లు. అంటే అంత డబ్బు పోసి కొన్న గడులన్నీ దండగ. ఎఫ్ 11 దగ్గర ఆగి, ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ కొన్ని ఫోటోలు తీసి, వాటిని కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చుకోవడమే దారి.

తీసేముందు దుమ్ము తుడవాలి. మన పొడి గాలిలో అదొక విద్య. గాజునో ప్లాస్టిక్‌నో పొడిగుడ్డతో గట్టిగా రుద్దితే దానికి విద్యుదావేశం పుట్టి, చుట్టుపక్కల దుమ్మునంతా పిలుచుకుంటుంది. కొంచెం తడి చేసిన గుడ్డతో నెమ్మదిగా ఒత్తి, రబ్బరు బుడ్డితో ఊదెయ్.

వస్తువు మారితే టెంటు మర్యాద మారుతుంది. వెండి మెట్టెలు పెట్టామనుకో. వెండి తన రూపం చూపించదు, ఎదురుగా ఏముంటే అది చూపిస్తుంది. టెంటులో ఎదురుగా ఉండేది తెలుపు, కాబట్టి మెట్టె కూడా తెల్లబడి, సున్నం పూసిన ప్లాస్టిక్ ముక్కలా వెలవెలబోతుంది. రెండు వేళ్ల వెడల్పు నల్ల కాగితం ముక్కలు కత్తిరించి, ఫ్రేములోకి రాకుండా పక్కన నిలబెట్టు. ఆ నల్ల గీత మెట్టె వంపు వెంబడి పాకగానే లోహం లోహంలా కనిపిస్తుంది. మధ్యలో ఒక నల్లచుక్క కూడా కనబడుతుంది, అది నీ కెమెరాయే. కెమెరాను కొంచెం పక్కకు జరిపితే ఆ చుక్క పోతుంది.

పాత నాణేలకు టెంటు అసలు పనికిరాదు. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజధాని కొన్నాళ్లు మన పెనుకొండలో ఉంది కదా. ఆ కాలపు అరిగిన రాగికాసు టెంటులో పెడితే అక్షరాలు మాయం. ఒకవైపు గుడ్డ తీసేసి, దీపాన్ని నేలబారుగా పక్కనుంచి కొట్టు. ప్రతి అక్షరం గట్టూ తన వెనక నీడ వేసుకుంటుంది. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనం చూడబోతే పొద్దునో సాయంత్రమో పోవాలనేది కూడా ఇందుకే.

నిమ్మలకుంటవాళ్లు ఇప్పుడు దీపపు గూళ్లూ, పుస్తకాల్లో పెట్టుకునే గుర్తులూ, గోడకు తగిలించే బొమ్మలూ చేసి అమ్ముతున్నారు. నెట్‌లో అమ్మకానికి పెట్టిన తోలు సరుకు ఫోటోలు కొన్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ముందునుంచి ఫ్లాష్ కొట్టి తీస్తారు, మేకతోలు కాస్తా రంగుపూసిన అట్టముక్క అయిపోతుంది. శుభ్రం చేసి, ఆరబెట్టి, అంత పలచగా తయారుచేసిందే వెలుగు అందులోంచి దూరి రావడానికి. రెండువైపులా రంగులు వేసి, ఉలితో అన్నేసి చిల్లులు కొట్టిందీ అందుకే. కాబట్టి పెట్టె వెనక గోడకు కూడా కిటికీ కోసి, పెద్ద దీపం అక్కడ పెట్టు. ముందునుంచి మాత్రం గుడ్డిదీపమంత చాలు, తోలు మీది గీతలు తెలియడానికి. ఎరుపు నిప్పులా రాజుకుంటుంది, చిల్లులు చుక్కల్లా మెరుస్తాయి.

ఇక మిగిలింది వజ్రకరూరు. తొలకరి పడగానే ఎక్కడెక్కడి జనమో చేలల్లో దిగి, వంగిన నడుము ఎత్తకుండా వెతుకుతారు. 110 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లోంచి కింబర్లైటు ఎగదన్నుకొచ్చిన నేల అది, ఆశ ఊరికే పుట్టదు. ఈమధ్య రాయి దొరికితే ముందు వాట్సాప్‌లో ఫోటో పంపుతున్నారు. స్వచ్ఛమైన రాయిని తెల్ల టెంటులో పెడితే అది కనబడదు, తెలుపులో తెలుపు కలిసిపోతుంది. ఫ్రేముకు కొంచెం అవతల, రెండువైపులా నల్ల అట్ట నిలబెట్టు. రాయి అంచుల్లో వంగిన వెలుగు ఆ నలుపును లాక్కొచ్చి, అంచు చుట్టూ సన్నని గీత గీస్తుంది. నేరుగా పడిన వెలుగులో వజ్రం 17 శాతం తిప్పికొడుతుంది, పలుగురాయి నాలుగున్నర శాతమే. ఆ తేడా చేతిలో పెట్టుకుని తిప్పితే అనుభవం ఉన్న కంటికి తెలుస్తుంది. ఫోటోలో తెలియదు, ఎంత మంచి టెంటులో తీసినా సరే.

ఫోటో పంపేముందు బంగారం తూచే త్రాసు మీద ఆ రాయిని ఒకసారి గాల్లో, ఇంకోసారి దారం కట్టి నీళ్లలో మునిగేలా వేలాడదీసి తూచు. గ్రాముకు 0.38 గ్రాములు తగ్గితే పలుగురాయి, పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చెయ్యి. 0.28 తగ్గిందా, అప్పుడు కూడా బేరగాడికి ఫోన్ చేయకు. టోపాజ్ రాయి కూడా అంతే తగ్గుతుంది.