'టు మీట్' అనాలా, 'టు మీటింగ్' అనాలా?

మెయిల్ చివర 'లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ' అని ముగించేవాళ్లు మనలో ఎందరో. వ్యాకరణం ఒప్పుకునేది మాత్రం 'టు మీటింగ్ యూ'నే. చూడ్డానికి ఒకేలా ఉన్నా ఇంగ్లిష్‌లో 'టు'లు రెండు. ఒకటి క్రియకు ముందు వచ్చేది. రెండోది మన విభక్తి లాంటిది, దాని పక్కన నామవాచకమో, 'ఇంగ్' చేరి నామవాచకంలా మారిన క్రియో ఉండాలి. అనుమానమొస్తే 'టు' తర్వాత సంక్రాంతిని పెట్టి చూడండి. 'లుకింగ్ ఫార్వర్డ్ టు సంక్రాంతి' కుదిరింది, కాబట్టి 'ఇంగ్' ఖాయం. 'వాంట్ టు సంక్రాంతి' కుదరదు, కాబట్టి అక్కడ 'వాంట్ టు మీట్'.

'ఐ యూజ్డ్ టు గెటప్ ఎర్లీ' అంటే ఒకప్పుడు పెందలాడే లేచేవాణ్ణని. 'ఐ యామ్ యూజ్డ్ టు గెటింగప్ ఎర్లీ' అంటే అలా లేవడం అలవాటేనని. మొదటాయన ఇప్పుడు ఎనిమిదింటిదాకా పడుకుంటున్నాడేమో!

ఈ నియమాలు మొదట్నుంచీ ఇలాగే లేవు. 'అకస్టమ్డ్ టు' తర్వాత 'డూయింగ్' బదులు 'డూ' అనడం పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్‌లో మామూలే. తర్వాత్తర్వాత చాలా మాటల దగ్గర 'ఇంగ్' చోటు సంపాదించింది. భాషా పరిశోధకులు దీన్ని 'గ్రేట్ కాంప్లిమెంట్ షిఫ్ట్' అంటారు. నిన్నటి ఒప్పు ఇవాళ్టి తప్పయిందన్నమాట. మెయిల్ రాసినవాణ్ణి మరీ వెక్కిరించకండి.

'స్టాప్డ్ స్మోకింగ్' అంటే సిగరెట్ మానేశాడు. 'స్టాప్డ్ టు స్మోక్' అంటే సిగరెట్ కోసమే ఆగాడు. డాక్టరుకు చెప్పేటప్పుడు జాగ్రత్త.

'కాంట్ హెల్ప్ లాఫింగ్'లో సాయమేమీ లేదు. అక్కడ 'హెల్ప్' అంటే ఆపుకోవడం. మధ్యలో 'బట్' దూరిందా, 'ఇంగ్' ఎగిరిపోయి 'కాంట్ హెల్ప్ బట్ లాఫ్' అవుతుంది.

'స్టార్టెడ్ రెయినింగ్', 'స్టార్టెడ్ టు రెయిన్' రెండూ సరైనవే. కానీ 'ఇట్స్ స్టార్టింగ్ రెయినింగ్' అనరు. రెండు 'ఇంగ్'లు వెంటవెంటనే పడితే ఇంగ్లిష్ చెవికి గిట్టదు. ఈ అయిష్టానికి లాటిన్‌లో పేరు కూడా ఉంది: 'హారర్ ఈక్వీ'.

అమెరికాలోని పిట్స్‌బర్గ్ వైపు కొన్నిచోట్ల ఈ 'టు', 'ఇంగ్'ల గొడవే లేదు. కారు కడగాలంటే 'ద కార్ నీడ్స్ వాష్డ్' అనేస్తారు. స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్‌లలోనూ ఇది వినిపిస్తుంది.

'గో ఫిషింగ్' అసలు 'ఆన్ ఫిషింగ్' లాంటి ప్రయోగం. ఆ 'ఆన్' అరిగి 'ఎ' అయింది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో పీటర్ చేపలవేటకు బయల్దేరేటప్పుడు ఆ 'ఎ' ఇంకా ఉంది. తర్వాత అదీ పోయింది. ఇప్పుడు 'గో' పక్కన షాపింగ్, స్విమ్మింగ్, క్యాంపింగ్ లాంటి సరదాలన్నీ చేరాయి. 'గో స్టడీయింగ్' అని మాత్రం ఎవరూ అనరు.