వినిపిస్తుంది, కానీ పలకదు!

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. అటువంటి సమయంలో అక్కరకు వచ్చేది హామ్ రేడియో. లైసెన్సు పొందినవారు సరదాకొద్దీ సొంతంగా నడుపుకొనే ఈ చిన్న ప్రసార కేంద్రానికి ఒక కారు బ్యాటరీ చాలు. 12 ఏళ్లు నిండితే పరీక్ష రాసి మీరూ లైసెన్సు పొందవచ్చు.

అలాంటి రాత్రి మీరు సెట్టు ముందు కూర్చున్నారనుకోండి. అవతలివారి పిలుపు స్పష్టంగా వినిపిస్తోంది. బదులివ్వడానికి మైకు మీట నొక్కారు. సెట్టు ఆరిపోయింది! మీట వదిలితే మళ్లీ వెలిగింది. బ్యాటరీ బాగానే ఉంది, సెట్టూ బాగానే ఉంది. మరి దోషం ఎక్కడ?

చాలాసార్లు అది బ్యాటరీ తీగలు, సెట్టు తీగలు కలిసే కనెక్టర్‌లో ఉంటుంది. లెక్క వేద్దాం. 100 వాట్ల సెట్టు వినేటప్పుడు సుమారు 1 ఆంపియరు, పలికేటప్పుడు సుమారు 20 ఆంపియర్లు తీసుకుంటుంది. కనెక్టర్ వదులై అక్కడ 0.05 ఓమ్‌ల నిరోధం ఏర్పడిందనుకోండి. ఓమ్ నియమం గుర్తుంది కదూ? వినేటప్పుడు అక్కడ పోయేది 0.05 వోల్టు. పలికేటప్పుడు ఏకంగా 1 వోల్టు! 12.6 వోల్టుల బ్యాటరీ నుంచి సెట్టుకు 11.6 మాత్రమే అందుతుంది. తీగల్లో పోయేది వేరే. చాలా సెట్లకు 11.7 వోల్టులు కనీస హద్దు. పైగా ఆ పోయిన వోల్టు 20 వాట్ల వేడిగా మారుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్ వేడి దాదాపు అంతే! ఆ వేడికి స్ప్రింగు బిగువు సడలుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది.

కారులో సిగరెట్ లైటర్ సాకెట్ చూశారా? దానిలో పెట్టే ప్లగ్గు మొన ఒక స్ప్రింగు బలంతోనే ఆనుకొని ఉంటుంది, కుదుపులకు కదులుతుంది. ఫోను ఛార్జింగుకు సరే, 20 ఆంపియర్లకు వద్దు.

చాలామంది హామ్‌లు ఆండర్సన్ పవర్‌పోల్ కనెక్టర్లను వాడతారు. వీటిలో ఆడ, మగ తేడా లేదు. రెండు చివరలూ ఒకేలా ఉంటాయి. కాబట్టి ఎవరి బ్యాటరీనైనా ఎవరి సెట్టుకైనా తగిలించవచ్చు. సహాయ శిబిరంలో ఇదెంత మేలో ఊహించండి! లోపల వెండిపూత పూసిన రాగి నాలుకలను ఉక్కు స్ప్రింగులు అదిమిపెడతాయి. తగిలించినప్పుడల్లా నాలుకలు ఒకదానినొకటి ఒరుసుకొని శుభ్రపడతాయి. ఎరుపు, నలుపు గడులను అందరూ ఒకే వరసలో జోడిస్తే ధన, రుణ ధ్రువాలు తారుమారు కావు. ఒక్కరు వరస తప్పినా ఎవరి సెట్టో కాలుతుంది!

మీ కనెక్టర్ మంచిదో కాదో తెలియాలా? వోల్టుమీటరు కొనలను ఎర్ర తీగ మీదే, కనెక్టర్‌కు అటొకటి ఇటొకటి ఆనించి, మైకు మీట నొక్కమనండి. సూది సున్నా దగ్గరే ఉంటే సరి. అర వోల్టు చూపిందా, ఆ కనెక్టర్‌ను తీసేయండి. అయితే మీట వదిలాకే సుమా!