మన ఇంటిపేరు వెనుక ఏముంది?



హాస్టల్లో చేరిన రోజు మనమంతా దరఖాస్తు ఫారం నింపే ఉంటాం. అందులో ఇంటిపేరు రాయమన్నచోట నేను చాలాకాలం మా ఇంటిపేరు కానిదే రాశాను. టెన్త్ పాసయ్యాక కుల ధృవీకరణ పత్రం కోసం తిరిగినప్పుడు ఈ సంగతి బయటపడింది. రుజువుగా పెదనాన్న కొడుకు పత్రం జతచేశాను. "ఇంటిపేర్లు వేరుగా ఉన్నాయి, ఒకే కుటుంబమని నమ్మకమేమిటి?" అని అడిగారు. ఇంటికొచ్చి నాన్నమ్మతో చెబితే నవ్వేసింది.

"నువ్వు రాసేది మనింటిపేరు కాదొరే నాయనా, మన ఊరి పేరు."

తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి విశాఖ పోర్టుకు కలాసీ పనికి వచ్చాడు. మేస్త్రీ ఊరి పేరుతో పిలిచాడు, పుస్తకంలో అదే రాసుకున్నాడు. నాన్నను బడిలో వేసినప్పుడూ అదే పడింది. ఊళ్ళోనే ఉండిపోయిన పెదనాన్నకు మాత్రం అసలు ఇంటిపేరు మిగిలింది.

ఆలోచిస్తే ఇది కొత్తేమీ కాదు. కందుకూరి, గురజాడ వంటి ఇంటిపేర్లు ఊళ్ళ నుంచే వచ్చాయి. ఊళ్ళో ఉన్నవాణ్ణి ఆ ఊరి పేరుతో ఎవరూ పిలవరు. ఊరు విడిచి వెళ్ళినవాడికే ఆ పేరు అంటుకుంటుంది. అంటే మీ ఇంటిపేరులో ఊరుంటే, మీ పెద్దలు ఎప్పుడో అక్కడి నుంచి కదిలారన్నమాట. అయితే ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లోనూ ఉంటుంది. అందుకే పేరొక్కటే చుట్టరికానికి రుజువు కాదు. కాగితం కూడా కావాలి.

ఆ కాగితం ఎక్కడ దొరుకుతుంది? భూమి ఉన్నవారికి అడంగల్, 1-బి ఉంటాయి. స్టీల్‌ప్లాంటుకు భూములిచ్చిన నిర్వాసితులకు ఆర్-కార్డు ఉంది. భూమిలేని మనవాళ్ళకు దారి ప్రాథమిక పాఠశాల అడ్మిషన్ రిజిస్టరు, జనన మరణాల రిజిస్టరు, పాత ఓటర్ల జాబితా, చర్చికి వెళ్ళేవారైతే బాప్తిస్మపు రిజిస్టరు. పాత శుభలేఖలు కూడా పారేయకండి.

ఒక జాగ్రత్త. పాత కాగితాల్లో జిల్లా పేరు చూసి తికమకపడవద్దు. శ్రీకాకుళం, టెక్కలి ప్రాంతాలు 1936 వరకు గంజాం జిల్లాలో ఉండేవి. తరువాత విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం వేరు జిల్లాలయ్యాయి. 2022లో మళ్ళీ విభజన జరిగింది. ఊరు కదలలేదు, జిల్లాయే మారింది.

మా ఊరి బడిలో హెడ్మాస్టరుగారు పాత రిజిస్టరు తీయించారు. అందులో అసలు ఇంటిపేరుతో తాతయ్య పేరు ఉంది! ఆయన బడి మొహమే చూడలేదని ఇంట్లో అందరూ అనుకునేవారు. రెండో తరగతి దాకా చదివాడు. మానడానికి కారణం అన్నచోట "కూలికి పోవుట" అని రాసి ఉంది. ఇంట్లో మొదటి గ్రాడ్యుయేటును నేనే. కానీ బడి గడప మొదట తొక్కింది నేను కాదు, నాన్న కూడా కాదు.

ఆ పేజీ నకలుతో నా పత్రం వచ్చింది.

సముద్రం దాటినవారి సంగతీ తెలుసుకోవాలి. మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. 1911 వరకు లక్షన్నర మందికి పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా అక్కడికి వెళ్ళారు. వారిలో మన జిల్లావారూ ఉన్నారు. ఓడ జాబితాల్లో కూలీ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటిమీది మచ్చలు కూడా రాశారు. ఆ జాబితాలు పట్టుకుని వారి మునిమనుమలు నేడు సొంత ఊళ్ళు వెతుక్కుంటున్నారు. ఆ జాబితాలు వాళ్ళమీద ప్రేమతో రాసినవి కావు, పని లెక్క కోసం రాసినవి. మా తాతయ్య పేరు మేస్త్రీ పుస్తకంలోకి ఎక్కిందీ అందుకే.

లెక్కకు అవసరంలేనిదంతా ఇంట్లో ముసలివాళ్ళ నోటిలోనే ఉంది. నాన్నమ్మ ఐదు తరాల పేర్లు చెబుతుండగా నోటుపుస్తకంలో రాసుకున్నాను. మరుసటి ఏడాది ఆమె కన్నుమూసింది. ఆడపడుచుల పేర్లు అడగడం మరిచిపోయాను. ఇక అడగడానికి ఎవరూ లేరు.

నా సర్టిఫికెట్లలో ఇంటిపేరు మార్చుకోలేదు. ఆ ఊరి పేరు తాతయ్య నడిచివచ్చిన దారి గుర్తు. అసలు ఇంటిపేరు నోటుపుస్తకంలో భద్రంగా ఉంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! వచ్చే సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళేటప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకెళ్ళండి. మీ అవ్వాతాతల దగ్గర కూర్చోండి. ఆడవాళ్ళ పేర్లు ముందు రాసుకోండి.