మురుగునీటి రంగు పోతే చాలునా?

కోవా కాచేటప్పుడు పాలు ఎర్రబారడం సభ్యులందరూ ఎరిగినదే. పాలలోని చక్కెర, మాంసకృత్తులు వేడికి కలిసినందువల్ల ఆ రంగు వస్తుంది. మొలాసిస్ నుంచి ఆల్కహాలు తీసే కర్మాగారాల మురుగునీరు నల్లగా ఉండడానికీ ముఖ్య కారణం ఈ జాతి పదార్థాలే. వీటిని మెలనాయిడిన్లు అంటారు. లీటరు ఆల్కహాలుకు సుమారు 10 నుంచి 15 లీటర్ల మురుగు తేలుతుంది.

గోబర్ గ్యాస్ తొట్టి వంటి దానిలో పులియబెడితే మలినం చాలావరకు తగ్గుతుంది గాని రంగు పోదు. అది సూక్ష్మజీవులకు కొరుకుడుపడదు. అందుకే చివరగా రసాయనిక ఆక్సీకరణం చేస్తారు. 1894లో ఫెంటన్ ప్రకటించిన రసాయన చర్య దీనికి మూలం. నీటిని ఆమ్లంగా మార్చి అన్నభేది, హైడ్రోజన్ పెరాక్సైడు కలుపుతారు. పాలు విరగకుండా కొందరు దొంగచాటుగా కలిపే మందు ఈ పెరాక్సైడే! రెండూ కలిసినప్పుడు పుట్టే హైడ్రాక్సిల్ కణాలు రంగు అణువులను ముక్కలు చేస్తాయి. తరువాత సున్నం వేస్తే ఇనుము మడ్డిగా అడుగుకు దిగుతుంది. ఆ మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది మరో తలనొప్పి. ఓజోను వాయువు వాడితే మడ్డి బెడద లేదు, కరెంటు ఖర్చు మాత్రం ఎక్కువ.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాము. రంగు విరిగినా ఆ ముక్కలు నీటిలోనే మిగలవచ్చు, ఉప్పులు ఎలాగూ పోవు. కాలువ తేటపడిందని గేదెలను నీటికి తోలవద్దు. ముందు ఆ నీటిని సీసాలో పట్టి పరీక్షకు పంపండి.