పగడాల తొట్టెలో పిలవని అతిథులు

విశాఖపట్నం: ఉప్పునీటి అక్వేరియంలో రంగురంగుల చేపలు, పగడాలు కనువిందు చేస్తాయి. అయితే వాటి కోసం తెచ్చే రాళ్ల వెంట యజమానికి తెలియకుండానే మరికొన్ని జీవులు తొట్టెలోకి చేరతాయి. వీటిలో అధికశాతం నిరపాయకరమైనవే. కొన్ని మాత్రం నెలల శ్రమను, వేల రూపాయల ఖర్చును వృథా చేస్తాయి. ఏది మిత్రుడో, ఏది శత్రువో గుర్తించడమే ఇక్కడ కీలకం.

రాతి రంధ్రాలే ఆవాసం
చనిపోయిన పగడాల అవశేషాలతో ఏర్పడిన రాయిని 'లైవ్‌రాక్‌' అంటారు. ఇందులోని సూక్ష్మజీవులు నీటిలో అమ్మోనియాను విరిచి శుద్ధి చేస్తాయి. అవే రంధ్రాల్లో పీతలు, పురుగులు, వాటి గుడ్లు దాగి ఉంటాయి. రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972లోని మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన తీరంలో వాటిని సేకరించడం నేరం. తయారుచేసిన పొడి రాళ్లు వాడితే ఈ చిక్కు ఉండదు, అతిథుల బెడదా తగ్గుతుంది. కాకపోతే సూక్ష్మజీవులు వృద్ధి చెందేందుకు కొన్ని వారాలు వేచి ఉండాలి.

రాత్రివేళ పరిశీలించాలి
ఈ జీవుల్లో చాలావరకు చీకటిలోనే సంచరిస్తాయి. దీపాలు ఆర్పిన గంట, రెండు గంటల తర్వాత ఎర్ర కాంతి టార్చితో చూస్తే బయటపడతాయి.

ఎయిప్టేసియా: గోధుమరంగులో, పారదర్శకంగా చిన్న తాటిచెట్టులా కనిపించే సముద్ర పుష్పమిది. పక్కనున్న పగడాలను కుట్టి చంపుతుంది. దీన్ని గీకినా, కోసినా మిగిలిన ముక్కల నుంచి కొత్తవి పుడతాయి. చిక్కటి సున్నపు ముద్దను సిరంజితో దాని నోటి భాగంలో వేయాలి. పెప్పర్‌మింట్ రొయ్యలు, బెర్గియా అనే చిన్న సముద్రపు నత్త దీన్ని ఆహారంగా తీసుకుంటాయి.

మాంటిస్ రొయ్య: రాత్రిళ్లు టిక్కుటిక్కుమనే శబ్దం, పగిలిన నత్తగుల్లలు దీని ఆనవాళ్లు. వేలిని సైతం గాయపరచగలదు. చేపముక్క ఎరగా పెట్టిన సీసా ఉచ్చుతో పట్టాలి.

చదును పురుగులు: తుప్పురంగులో పగడాలపై పరచుకుంటాయి. ఒక్కసారిగా చంపితే వాటి విషంతో చేపలు చనిపోయే ప్రమాదముంది. ముందుగా గొట్టంతో వీలైనన్ని లాగేసి, ఆపై మందు వాడి, వెంటనే నీటిలో కొంత భాగం మార్చి బొగ్గు వడపోత పెట్టాలి.

ముళ్ల పురుగులు: చూడగానే భయం కలిగించినా అధికశాతం మిగిలిపోయిన మేతను తిని తొట్టెను శుభ్రపరిచేవే. సంఖ్య విపరీతంగా పెరిగిందంటే మేత ఎక్కువవుతోందని అర్థం. ముళ్లు గుచ్చుకుంటే మంట పుడుతుంది కాబట్టి వట్టి చేతులతో తాకరాదు.

ఇవి చేయరాదు
పురుగులు చావాలని రాళ్లను మరిగించడం ప్రాణాపాయం. పాలితోవా, జోయాంతిడ్‌ జాతుల్లో కొన్నింటిలో పాలిటాక్సిన్‌ అనే తీవ్ర విషముంటుంది. అది ఆవిరితో ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. 2018లో బ్రిటన్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో తొట్టెలోని పగడాన్ని తొలగిస్తుండగా వెలువడిన ఈ విషంతో ఒక కుటుంబం ఆసుపత్రి పాలైంది. రాళ్లను పట్టుకునేటప్పుడు చేతి తొడుగులు, కంటి అద్దాలు తప్పనిసరి. రాగి కలిసిన మందులు పగడాలను, రొయ్యలను చంపుతాయి. వాటిని పగడాల తొట్టెలో వాడరాదు.

ముందు జాగ్రత్తే మందు
కొత్త రాయిని, పగడాన్ని నేరుగా ప్రధాన తొట్టెలో వేయకుండా నాలుగు నుంచి ఆరు వారాలు విడి తొట్టెలో ఉంచి గమనించాలి. కొత్త జీవి కనిపించిన వెంటనే చంపకుండా ఫొటో తీసి, అదేమిటో నిర్ధారించుకున్నాకే చర్య తీసుకోవాలి.

పట్టిన జీవులను సముద్రంలో గానీ, కాలువల్లో గానీ వదలరాదు. 1984లో మొనాకో తీరంలో కనిపించిన కాలెర్పా నాచు అక్వేరియం నుంచి బయటపడినదే. అది మధ్యధరా సముద్రంలో వేల హెక్టార్లకు విస్తరించింది. మధ్య అమెరికా తీరాలకు చెందిన ఒక రకం ఆల్చిప్ప 1967లో విశాఖ ఓడరేవులోనే వెలుగుచూసింది. అలాంటి జీవి ఒకసారి స్థిరపడితే తొలగించడం దుస్సాధ్యం. అందుకే తొట్టె నుంచి తీసిన నీటిలో బ్లీచింగ్‌ కలిపి కొంతసేపు ఉంచాకే పారబోయాలి. చనిపోయిన జీవులను సంచిలో మూటకట్టి చెత్తలో వేయాలి.