దొంగ మాట కలిసినా లెక్క తప్పకూడదు

2015 డిసెంబరు 23. ఉక్రెయిన్ దేశంలోని ఇవానో-ఫ్రాంకివ్స్క్ ప్రాంతంలో, విద్యుత్ నియంత్రణ కేంద్రంలో కూర్చున్న ఉద్యోగి చూస్తుండగానే కంప్యూటరు తెరమీద బాణం గుర్తు తనంతట తానే కదలసాగింది. ఒక్కొక్క సబ్‌స్టేషన్‌నూ ఆపేస్తూ పోయింది. ఎక్కడో దూరాన ఉన్న దొంగలు కంప్యూటర్లలో చొరబడ్డారన్నమాట. మూడు విద్యుత్ సంస్థల పరిధిలో సుమారు 2,25,000 మంది వినియోగదారులకు చలికాలపు వేళ కరెంటు పోయింది. సిబ్బంది స్వయంగా సబ్‌స్టేషన్లకు వెళ్లి, చేత్తో స్విచ్చులు వేసి, కొన్ని గంటల్లో మళ్లీ దీపాలు వెలిగించారు.

ఈ సంగతి చదివాక నన్నొక ప్రశ్న వదల్లేదు. పెత్తనమంతా ఒక్కచోట ఉంటే, ఆ చోటు దొంగల పాలైతే అంతా పోయినట్టే. మరి పెత్తనాన్ని పంచితే? ప్రతి సబ్‌స్టేషన్‌లో ఒక చిన్న కంప్యూటరు ఉండి, ఇరుగుపొరుగు కంప్యూటర్లతో కూడబలుక్కుని పని నడిపించే ఏర్పాటు ఉంది. బాగానే ఉంది గాని, వాటిలో ఒకటి దొంగల వశమై అబద్ధం చెబితే?

ఈ చిక్కునే 1982లో లాంపోర్ట్, షోస్టాక్, పీస్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు బైజాంటియం సేనాపతుల కథగా చెప్పారు. కోటను ముట్టడించిన సేనాపతులు దూతల ద్వారా ఒక్క మాటమీదికి రావాలి. వారిలో ఒక ద్రోహి ఉన్నాడు. వట్టి నోటిమాటతోనే నడవాలంటే మొత్తం నలుగురైనా ఉండాలనీ, ముగ్గురైతే కుదరదనీ వారు రుజువు చేశారు.

కంప్యూటర్లకు తర్వాత నేర్పిన ఉపాయాల్లో ఒకటి మన కార్తిక వనభోజనాల లెక్కతో చెబుతాను. ఎన్ని కిలోల బియ్యం కావాలని అయిదుగురిని అడిగాం. 18, 19, 20, 21 అన్నారు నలుగురు. అయిదో ఆయన కావాలనే 60 అన్నాడు. సగటు తీస్తే 27 కిలోలు దాటుతుంది, అన్నం పారబోయాల్సిందే. అలా కాక, అన్నిటికన్నా పెద్ద అంకెనూ చిన్న అంకెనూ కొట్టేయండి. మిగిలిన మూడింటి సగటు సరిగ్గా 20.

నాకు నచ్చిందేమిటంటే, అబద్ధమాడిందెవరో పట్టుకోనక్కరలేదు. అతడు తెలివిగా 20 అన్నా నష్టం లేదు, అది నిజం చెప్పినవారి అంకెల మధ్యలోనే ఉంటుంది. అయితే 18 అన్న పెద్దమనిషి నిజాయితీపరుడే, ఆయన మాటా పోయింది. దీనికి మనమిచ్చే మూల్యం అదే. పైగా ఇద్దరి మాటే వినేవారికి ఈ ఉపాయం పనికిరాదు. రెండు కొసలూ కొట్టేస్తే మిగిలేది సున్న. అందుకే ప్రతి కంప్యూటరుకూ తగినన్ని పొరుగులుండాలి. అబద్ధాలకోరులు ఇద్దరుంటే ఇటు రెండు, అటు రెండు కొట్టేయాలి కనుక ఇంకా ఎక్కువమంది కావాలి.

ఈ లెక్క మీ పిల్లల చేత చేయించండి. 60 బదులు 600 పెట్టి చూడమనండి. జవాబు 20 దగ్గరే నిలుస్తుంది.