తేనెటీగలకు తులసి వెన్నులు

తేనెటీగల కోసం రోజ్‌మేరీ పెంచమని తోటపని పుస్తకాలు చెబుతుంటాయి. అది మధ్యధరా తీరపు మొక్క. అక్కడ చలికాలం చివర, వేరే పూలు పెద్దగా లేని రోజుల్లో నీలంగా పూసి ఈగలను ఆదుకుంటుంది. మన హైదరాబాద్, విజయవాడ ఎండల్లో ఆకు వంటకు వస్తుంది గానీ పూత అరుదు. కుండీలో నీరు నిలిస్తే వేరు కుళ్లిపోతుంది కూడా.

దాని బంధువు మన ఇంట్లోనే ఉంది: తులసి. రెండూ ఒకే కుటుంబం. పుదీనా కూడా అంతే. ఆకు గుబురుగా రావాలని మనం తులసి వెన్నులు గిల్లేస్తుంటాం. ఈగలకు కావలసింది ఆ వెన్నులే. సగం గిల్లండి, సగం ఉంచండి. రెండు మూడు కుండీలు పక్కపక్కనే పెడితే మేలు. పూత మీద పురుగుమందు కొట్టకండి. వేపనూనె అయినా సాయంత్రం, ఈగలు వెళ్లాకే.

మరి పిల్లల్ని కుడితే? పూల మీద వాలిన తేనెటీగ తన పనిలో ఉంటుంది. చేత్తో నొక్కితేనో, పట్టును కదిపితేనో కుడుతుంది. ముల్లును వెంటనే గోటితో గీకి తీసేసి, చల్లటి గుడ్డ అద్దండి. ఊపిరాడకపోయినా, ముఖం వాచినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీ పిల్లలకు ఇంతకుముందు అలా జరిగి ఉంటే క్లాస్ టీచర్‌కు తప్పక చెప్పండి.